చిన్నపిల్లలతో మొదటి క్రూయిజ్: టికెట్ కొనే ముందు నుంచి ఓడ దిగే ఉదయం దాకా

మేం మొదటిసారి ఓడెక్కినప్పుడు పెద్దదానికి అయిదేళ్ళు, చిన్నవాడికి ఏడాదిన్నర. నాలుగు రాత్రుల ప్రయాణం. నేను రాసుకున్న ప్లానులో రోజుకి ఆరేసి పనులున్నాయి. మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకి చిన్నవాడు బఫేలో పళ్ళేల వరుస ముందు నేల మీద బోర్లా పడుకుని ఏడుస్తుంటే, ఆ కాగితం మడిచి పర్సులో పెట్టేశాను. మళ్ళీ తీయలేదు. మర్నాటి నుంచి వాడి నిద్ర టైమే మా అందరి టైమ్‌టేబుల్ అయింది, అక్కడి నుంచి సెలవు గాడిలో పడింది.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళొచ్చాం. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది: ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ఎన్నింటికి తింటారు, ఎన్నింటికి పడుకుంటారు అన్నది ముందు చూసుకుని, ఓడని, క్యాబిన్‌ని, రేవుల్ని దాన్ని బట్టి ఎంచుకోవడం.

1. టికెట్ కొనకముందు వయసు లెక్క

చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని బిడ్డని ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకి, రోజుల తరబడి రేవు తగలని దారులకి పన్నెండు నెలలు నిండాలంటారు. ఓడలో డాక్టరు ఉంటారు, చిన్న క్లినిక్ ఉంటుంది, కానీ పిల్లల ఆసుపత్రి ఉండదు కదా. వయసు లెక్కేసేది టికెట్ కొన్న రోజుకి కాదు, ఓడ బయల్దేరే రోజుకి. తల్లి గర్భవతి అయితే ఇంకో హద్దుంది: ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వచ్చేస్తుందంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు.

కొత్తవాళ్ళకి తెలియని హద్దు మూడేళ్ళది. ఓడల్లో పిల్లల క్లబ్బు పగలంతా ఉచితం. కానీ రాయల్ కరీబియన్, డిస్నీ ఓడల్లో మూడేళ్ళు నిండి, డైపర్ మానేసిన పిల్లల్నే అందులోకి తీసుకుంటారు. కార్నివాల్‌లో రెండేళ్ళ నుంచి చేర్చుకుంటారు. అంతకన్నా చిన్నవాళ్ళకి కొన్ని ఓడల్లో నర్సరీ ఉంటుంది. దానికి గంటకింత అని విడిగా కట్టాలి, చోట్లు కూడా తక్కువ, బయల్దేరే లోపే నిండిపోతాయి. మీ పాప మూడేళ్ళకి ఒకటి రెండు నెలల దూరంలో ఉంటే, డైపర్ ఇప్పుడిప్పుడే మానుతుంటే, ప్రయాణాన్ని ఓ నాలుగు నెలలు వాయిదా వేసుకోమనే చెప్తాను. క్లబ్బులోకి రానిచ్చే పిల్లతో వెళ్ళడానికీ రానివ్వని పిల్లతో వెళ్ళడానికీ అంత తేడా ఉంటుంది.

2. ఏ ఓడ, ఎన్ని రాత్రులు

మొదటిసారికి మూడు నుంచి అయిదు రాత్రులు చాలు. ఏడు రాత్రులకి టికెట్ రాత్రి లెక్కన చవగ్గా పడొచ్చు, కానీ పిల్లలకి ఓడ పడకపోతే ఆ ఏడు రాత్రులూ ఎక్కడికీ పోలేరు. రోజూ ఒక రేవు ఉన్న దారి కన్నా, మధ్యలో ఒక పూర్తి రోజు సముద్రం మీదే గడిచే దారి చూసుకోండి. రేవు రోజుల్లో పొద్దున్నే లేవాలి, తయారవ్వాలి, క్యూల్లో నిలబడాలి. అది పెద్దవాళ్ళకి ఊరు చూడడం, పిల్లలకి రోజూ బడికెళ్ళినట్టు.

కొన్ని కంపెనీల ఓడలు అసలు పిల్లలకి కాదు. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ వాళ్ళ సముద్రపు ఓడల్లో 18 ఏళ్ళు నిండనివాళ్ళకి ప్రవేశం లేదు. పిల్లల్ని రానిచ్చే వాటిలో కూడా అన్నీ ఒకటి కావు. ఒక చిట్కా: వెబ్‌సైట్‌లో ‘కిడ్స్ క్లబ్ ఉంది’ అన్న మాట చూసి ఆగకండి. డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) తెరిచి డైపర్ పిల్లలు ఆడుకునే నీళ్ళ చోటు ఉందో లేదో, అది ఏ డెక్ మీదుందో వెతకండి. ఏడాదిన్నర బిడ్డకి ఆ ఒక్కటీ పది స్లైడ్ల పెట్టు. ఎందుకో కింద పూల్ దగ్గర చెప్తాను.

పెద్ద ఓడా, చిన్న ఓడా? 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 365 మీటర్ల పొడవు, 20 డెక్‌లు. అందులో చిన్నపిల్లల కుటుంబాల కోసమే సర్ఫ్‌సైడ్ అని ఒక పేట లాంటిది కట్టారు. అలాంటి ఓడలో పిల్లలకి విసుగు పుట్టే ప్రశ్నే లేదు. కానీ క్యాబిన్‌లో మర్చిపోయిన టోపీ కోసం వెనక్కెళ్ళాలంటే పావుగంట పడుతుంది, స్ట్రాలర్‌తో లిఫ్టు దొరకడం ఇంకో కథ. మధ్యస్థం ఓడలో ఆటలు తక్కువ, అలసట కూడా తక్కువే. నా ఓటు మొదటిసారికి మధ్యస్థానికే.

ఇక కాలం. అట్లాంటిక్‌లో తుపాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో కరీబియన్ టికెట్లు చవక, కానీ దారి చివరి నిమిషంలో మారిపోవచ్చు. అలాస్కాలో ఇన్‌సైడ్ ప్యాసేజ్ అనే దారి దీవుల చాటున సాగుతుంది కాబట్టి ఎక్కువ భాగం అలలు తక్కువ. అలల భయం ఉన్నవాళ్ళకి ఇలా నేల చాటున నడిచే దారులు నయం.

3. క్యాబిన్ ఎంపిక: తొందరపడకండి

నేను అన్నింటికన్నా ఎక్కువసేపు కూర్చునేది దీని మీదే. పిల్లలు రాత్రి ఏడున్నరకి పడుకుంటారు. క్యాబిన్ ఒకటే గది. లైటు తీసేయాలి. మరి పెద్దవాళ్ళు ఎక్కడుండాలి? మొదటిసారి మేం కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ తీసుకుని, రెండు రాత్రులు బాత్రూమ్‌లో కింద కూర్చుని గుసగుసలాడుకున్నాం. అక్కడ చీకటి మాత్రం గొప్పగా ఉంటుంది, పట్టపగలు కూడా పిల్లలు హాయిగా నిద్రపోతారు. అయినా, బడ్జెట్ ఒప్పుకుంటే ఆ తర్వాత మేం బాల్కనీ వదల్లేదు. పిల్లలు పడుకున్నాక తలుపు మూసుకుని ఇద్దరం బయట కూర్చోవచ్చు.

బాల్కనీ తీసుకుంటే మూడు జాగ్రత్తలు. గదిలోకి అడుగుపెట్టగానే తలుపుకి పైన గడియ ఉందో చూడండి. లేకపోతే గది చూసుకునే స్టీవార్డ్‌ని అడగండి. కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కి దూరంగా, గోడ వైపు జరిపేయండి, ఎక్కడానికి ఏదీ దొరక్కూడదు. ఇక అందరికీ తెలియనిది: బాల్కనీ తలుపు తెరిచి ఉండగా కారిడార్ తలుపు తీస్తే గాలి సొరంగంలో వీచినట్టు వీస్తుంది, బరువైన ఆ తలుపు ధడాలున మూసుకుంటుంది. చిన్నవేళ్ళు మధ్యలో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ఒకటి మూశాకే ఇంకోటి తెరవడం అని పిల్లలతో కలిసి ఓ ఆటలా అలవాటు చేశాం.

ఓడ ఊగేది ముందు భాగంలో, వెనక భాగంలో, పై అంతస్తుల్లో ఎక్కువ. మధ్యలో, కింది డెక్‌లలో తక్కువ. కాబట్టి మధ్య క్యాబిన్ చూడండి. తర్వాత డెక్ ప్లాన్‌లో ఆ క్యాబిన్‌కి సరిగ్గా పైన, కింద ఏమున్నాయో చూడండి. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటర్ ఉంటే రాత్రి డ్రమ్ములు. పైనా కిందా కూడా క్యాబిన్‌లే ఉన్న చోటు మంచిది. కంపెనీయే క్యాబిన్ కేటాయించే ‘గ్యారంటీ’ టికెట్లు చవగ్గా కనిపిస్తాయి గానీ, పిల్లలతో ఆ జూదం వద్దు.

చంటిబిడ్డ కూడా లెక్కలో ఒక మనిషే. లైఫ్‌బోటులో చోటు ఒళ్ళో కూర్చునే బిడ్డకి కూడా లెక్కేస్తారు కాబట్టి నలుగురి క్యాబిన్‌లో అయిదోవాళ్ళుగా బిడ్డని చేర్చడం కుదరదు. అయిదుగురైతే మధ్య తలుపున్న రెండు క్యాబిన్‌లు చూడండి, అదే సుఖం. సీలింగ్ నుంచి దిగే పై బెర్త్ ఆరేళ్ళలోపు పిల్లలకి వద్దు. తొట్టి మంచం బుక్ చేసేటప్పుడే అడిగి రాయించుకోండి. అది విప్పాక గదిలో నడిచే చోటు మిగలదు, పక్కకి తిరిగి నడవాలి, దానికి సిద్ధపడండి. బాత్‌టబ్ చాలా క్యాబిన్‌లలో ఉండదు. షవర్‌కి భయపడే పిల్లలుంటే గాలి ఊదే చిన్న టబ్ ఒకటి పెట్టుకోండి.

4. కాగితాలు

ఇక్కడ ఒకే ఒక్క మెలిక చాలామందిని రేవు దగ్గర్నుంచే వెనక్కి పంపిస్తుంది. ఓడ ఒక దేశంలో బయల్దేరి, మధ్యలో వేరే దేశం తాకి, మళ్ళీ మొదటి దేశానికే వస్తుంది. అంటే మీరు ఆ దేశంలోకి రెండోసారి అడుగుపెడుతున్నట్టు లెక్క. మీ పాస్‌పోర్టుకి అక్కడ వీసా కావాలంటే అది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. పిల్లల వీసా కూడా అంతే. దిగే ఉద్దేశం లేకపోయినా దారిలో ఉన్న ప్రతి దేశపు నియమం విడివిడిగా చూసుకోండి.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం ముగిశాక ఆరు నెలలు ఉండేలా చూసుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు. పసిపిల్లల పాస్‌పోర్టులు పెద్దవాళ్ళ వాటికన్నా త్వరగా గడువు తీరిపోతాయని గుర్తుంచుకోండి. తల్లో తండ్రో ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే, రెండోవారి అనుమతి పత్రం నోటరీ చేయించి పెట్టుకోండి. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలు తీసుకెళ్తుంటే మరీ ముఖ్యం.

ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా, అందులో వైద్యం కోసం ఓడ నుంచి ఒడ్డుకి తరలించే ఖర్చు ఉందో లేదో చదవండి. ఓడ క్లినిక్‌లో చూపించుకుంటే బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, ఇన్సూరెన్స్ డబ్బు తర్వాత మీరే రాబట్టుకోవాలి. రసీదులు పారేయకండి.

5. సామాను, అందులో ముఖ్యంగా మొదటి రోజు సంచి

రేవులో పెద్ద సూట్‌కేసులు తీసుకుంటారు. అవి క్యాబిన్ తలుపు ముందుకి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. మొదటి ప్రయాణంలో మా డైపర్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. చేతి సంచిలో మిగిలినవి రెండు. పెట్టె రాత్రి ఏడింటికి వచ్చింది. ఆ మధ్యలో ఏం జరిగిందో రాయను గానీ, బఫేలో దొరికే పేపర్ న్యాప్‌కిన్లు దేనికీ పనికిరావని మాత్రం చెప్పగలను.

చేతి సంచిలో ఇవి పెట్టుకోండి: రోజుకి సరిపడా డైపర్లు, తుడుపులు, పాల సీసాలు, ఫార్ములా, మందులన్నీ, పాస్‌పోర్టులు, ఈత బట్టలు, ప్రతి పిల్లకీ ఒక జత మార్చుకునే బట్టలు, పడుకునేటప్పుడు పట్టుకునే బొమ్మ. ఈత బట్టలెందుకంటే మొదటి రోజు మధ్యాహ్నం అందరూ బఫేలో ఉంటారు, పూల్ ఖాళీగా ఉంటుంది.

డైపర్లు ఓడ షాపులో దొరుకుతాయనుకోకండి. ప్రయాణం మొత్తానికీ లెక్కేసి, ఇంకో రోజుకి ఎక్కువ పెట్టుకోండి. క్యాబిన్ గోడలు చాలావాటిలో ఉక్కువి. నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్తే తడి బట్టలు, టోపీలు, సంచులు అన్నీ గోడకెక్కుతాయి. ఒక చిన్న బెడ్‌లైటు, ఇన్‌సైడ్ క్యాబిన్ అయితే తప్పనిసరి. అర్ధరాత్రి లేచిన పిల్లకి అక్కడ తన చెయ్యి తనకే కనపడదు. స్ట్రాలర్ సన్నగా మడిచేది తీసుకోండి. క్యాబిన్ తలుపు ఇంటి తలుపు కన్నా సన్నం, కారిడార్‌లో వదిలేస్తే ఒప్పుకోరు.

తీసుకెళ్ళకూడనివి: ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఓడలో అన్నింటికన్నా భయపడేది మంటలకే, స్కానింగ్‌లో దొరికితే తీసి పక్కన పెట్టేస్తారు. వేడినీళ్ళకి బెంగ అక్కర్లేదు. బఫేలో రోజంతా ఉంటాయి, ఒక మంచి ఫ్లాస్క్ ఉంటే చాలు. ఇంట్లో వండిన తిండి చాలా కంపెనీలు రానివ్వవు. సీలు వేసిన బేబీ ఫుడ్, ఫార్ములా మాత్రం తేవచ్చు.

6. ఎక్కే రోజు

విమానంలో రావాల్సి ఉంటే ముందు రోజే రేవు ఊరికి చేరండి. విమానం ఆలస్యమైనా ఓడ ఆగదు. ఎక్కే టైము స్లాట్ ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు, పిల్లల మధ్యాహ్నం నిద్ర టైముకి టెర్మినల్ క్యూలో ఉండకుండా చూసుకోండి. మేం పొద్దున స్లాటే తీసుకుంటాం.

ఎక్కగానే క్యాబిన్ తయారుగా ఉండకపోవచ్చు, మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. ఆ ఖాళీలో నేను చేసేది ఈ వరసలో: ముందు పిల్లల క్లబ్బుకెళ్ళి పేర్లు నమోదు చేయించడం. తర్వాత నర్సరీ గంటలేమైనా మిగిలాయేమో అడగడం. ఆ తర్వాతే తిండి. నాలుగింటికి క్లబ్బు దగ్గర పెద్ద లైను ఉంటుంది. పొద్దున పది నిమిషాల్లో అయిపోతుంది.

ఓడ కదిలే లోపు అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. తీరం దాటగానే ఫోను ఓడ శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది, ఆ రోమింగ్ బిల్లు గుండె ఆపేస్తుంది. ఓడ వైఫైలో ఆ కంపెనీ యాప్ మాత్రం చాలామటుకు డబ్బు కట్టకుండానే పనిచేస్తుంది.

7. మస్టర్ డ్రిల్

ప్రమాదం వస్తే ఎక్కడికి వెళ్ళాలో చూపించే డ్రిల్ ఇది, తప్పించుకునే వీలు లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలమందికి డ్రిల్ ఇంకా జరగలేదు. అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు జరిపితే చాలు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జరపాలి. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లో చూసి, మీ స్టేషన్‌కి (ప్రమాదంలో మీరు చేరాల్సిన చోటుకి) ఒకసారి వెళ్ళి కార్డు స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది. పిల్లలతో ఇది పెద్ద ఊరట.

అక్కడ మూడు ప్రశ్నలడగండి. మా బిడ్డ సైజు లైఫ్ జాకెట్ ఎక్కడుంది? క్లబ్బులో ఉండగా అలారం మోగితే పిల్లని మీరు తెస్తారా, మేం వెళ్ళి తీసుకోవాలా? ఇది ఓడని బట్టి మారుతుంది. పిల్ల చేతికి స్టేషన్ నంబరున్న పట్టీ ఎప్పుడు కడతారు? పిల్లలకి సైరన్ గురించి ముందే చెప్పండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. మా పెద్దది ఆ రోజంతా అదే కూస్తూ తిరిగింది, మాకు తలనొప్పి వచ్చింది గానీ ఇప్పటికీ మర్చిపోలేదు.

8. క్లబ్బులో మొదటి గంట

చాలామంది సముద్రపు రోజున పొద్దున్నే పిల్లని క్లబ్బులో వదిలి వెళ్ళిపోతారు. అప్పుడక్కడ గుంపు, గోల ఎక్కువ. కొత్త పిల్లకి అది బెదురు. మొదటి సాయంత్రం ఓపెన్ హౌస్ అని పెడతారు, తల్లిదండ్రులు కూడా లోపలికి వెళ్ళొచ్చు. అప్పుడు వెళ్ళి అరగంట కూర్చుని ఆడించండి. మర్నాడు నలభై నిమిషాలే వదలండి. చెప్పిన టైముకన్నా అయిదు నిమిషాల ముందే వెళ్ళి తెచ్చుకోండి. మూడోసారికి ‘అప్పుడే ఎందుకొచ్చారు’ అని పిల్లలే కసురుతారు.

పిల్లని తీసుకెళ్ళడానికి ఒక రహస్య పదం పెట్టుకోమంటారు. అలర్జీలుంటే ఆ ఫారంలో కూడా రాయండి, భోజనాల గదిలో చెప్పింది క్లబ్బుకి చేరుతుందని అనుకోకండి.

9. పూల్

అమెరికా రేవులకి వచ్చే ఓడలకి అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన పారిశుధ్య నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం డైపర్ వేసుకునే పిల్లలు పూల్‌లోకి, హాట్ టబ్‌లోకి దిగకూడదు. స్విమ్ డైపర్ వేసినా సరే. వాళ్ళకోసం విడిగా, నీళ్ళని వేరేగా శుభ్రం చేసే ఆట చోటు ఉంటేనే అనుమతి. ఇది తెలియక ఏడాది పిల్లలకి కొత్త ఈత బట్టలు కొనుక్కొచ్చి పూల్ గట్టు మీద ఏడిపించుకునే తల్లిదండ్రుల్ని ప్రతి ప్రయాణంలోనూ చూశాను. డెక్ ప్లాన్‌లో ఆ చోటు వెతకమన్నది ఇందుకే.

లైఫ్‌గార్డులు కొన్ని కంపెనీల ఓడల్లోనే ఉంటారు. ఉన్నా లేకపోయినా, పెద్దవాళ్ళలో ఒకరు ఫోను పక్కన పడేసి నీళ్ళలో చెయ్యందేంత దూరంలో ఉండాలి. ఇద్దరూ ఉంటే ‘నువ్వు చూస్తున్నావనుకున్నా’ అన్న మాట వచ్చే వీల్లేకుండా, ఇప్పుడు ఎవరి వంతో నోటితో చెప్పుకోండి. ఓడ కదులుతుంటే పూల్ నీళ్ళూ ఊగుతాయి, నడుము లోతు ఒక్కసారిగా ఛాతీ లోతవుతుంది.

10. తిండి

రాత్రి భోజనానికి రెండు టైములు పెడతారు, సుమారు సాయంత్రం అయిదున్నర, ఎనిమిది. పిల్లలతో మొదటిదే. అదీ గంటన్నర పడుతుంది. కూర్చోగానే వెయిటర్‌తో ‘పిల్లలవి ముందు తెచ్చేయండి’ అని చెప్పండి. మొదటి రాత్రి చెప్తే మిగతా రాత్రులు వాళ్ళే గుర్తుపెట్టుకుంటారు, చాలా ఓడల్లో అదే వెయిటర్ ఉంటారు కాబట్టి. ఉడికించిన కూరగాయలు మెత్తగా చేసివ్వమన్నా చేసిస్తారు, ఒక రోజు ముందు అడిగితే మేలు. పిల్లలు బాగా అలసిన రాత్రి ఆ గదికి వెళ్ళనే వద్దు. బఫేలో తినిపించి పడుకోబెట్టండి, పెద్దవాళ్ళు గదికి తెప్పించుకోండి.

11. కడుపులో తిప్పడం, విరేచనాలు

చెవిలోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది, కళ్ళు గది గోడ చూసి ‘కదలట్లేదు’ అంటాయి. ఆ తగవే ఈ వాంతులు. రెండేళ్ళలోపు పిల్లలకి ఇది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. పిల్ల ముఖం పాలిపోయి, ఆడుతున్నది ఆపేసి, ఆవలిస్తోందంటే మొదలైనట్టే. టాబ్లెట్ తీసేసి, మధ్య డెక్ మీదికి తీసుకెళ్ళి, దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చూపించండి. పొడి బిస్కెట్, గుక్క గుక్కగా నీళ్ళు. ఖాళీ కడుపు ఇంకా పాడు.

మందు సంగతి బయల్దేరడానికి రెండు వారాల ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. పెద్దవాళ్ళు చెవి వెనక అంటించుకునే స్కోపొలమైన్ ప్యాచ్ పిల్లలకి వాడకూడదు. వాంతులకి వాడే ప్రోమెథజైన్ మందు రెండేళ్ళలోపు పిల్లలకి ఊపిరికే ప్రమాదం. డాక్టరు రాసిన మందు కూడా ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడొచ్చేమో అడగండి. నిద్ర రావాల్సింది పోయి కొందరు పిల్లలు రాత్రంతా గంతులేస్తారు.

వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ వేరే సంగతి. దానికి ఆల్కహాల్ జెల్ సరిగ్గా పనిచేయదు, సబ్బు, నీళ్ళతో 20 సెకన్లు రుద్దాలి. బఫేకి ముందు, క్లబ్బు నుంచి వచ్చాక తప్పకుండా. పిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పండి. క్యాబిన్‌లోనే ఉండమంటారని దాచేవాళ్ళుంటారు. దాచి క్లబ్బుకి పంపితే పక్క పిల్లలకి అంటుతుంది.

12. రేవులో దిగాలా?

దిగక్కర్లేదు. రేవు రోజున ఓడ సగం ఖాళీ. స్లైడ్ల దగ్గర లైను ఉండదు, పిల్లల నీళ్ళ చోటు మీ సొంతమన్నట్టుంటుంది. మేం మూడు రేవులుంటే ఒకదానిలో దిగం.

దిగితే సగం పూట చాలు, నిద్ర టైముకి వెనక్కి రావాలి. వెళ్ళేముందు రేవు దగ్గర ఓడ ఒడ్డుకి ఆనుతుందా, చిన్న పడవల్లో తీసుకెళ్తారా చూడండి. చిన్న పడవలైతే స్ట్రాలర్ మడిచి, బిడ్డని చంకనెత్తుకుని, ఊగే మెట్టు మీద కాలెయ్యాలి. బిడ్డని కట్టుకునే క్యారియర్ ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. కోకో కే, క్యాస్టవే కే, ఓషన్ కే లాంటి కంపెనీల సొంత దీవులు చిన్నపిల్లలకి సులువు, ఓడ అక్కడ జెట్టీకే ఆనుతుంది, బీచ్ దగ్గరే.

టూర్ ఓడవాళ్ళ ద్వారా తీసుకుంటే బస్సు ఆలస్యమైనా వాళ్ళే చూసుకుంటారు. సొంతంగా వెళ్తే ఓడ ఆగదు. అందరూ ఎక్కాల్సిన టైము, ఓడ బయల్దేరే టైముకి అరగంట ముందు, కొన్నిసార్లు గంట ముందు కూడా ఉంటుంది. అది ఓడ గడియారం ప్రకారం. ఒడ్డున ఫోను స్థానిక టైముకి దానంతటదే మారిపోతుంది, అక్కడే జనం బోల్తా పడతారు. చేతికి ఒక మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైమే ఉంచండి. టాక్సీల్లో పిల్లల సీటు దొరుకుతుందని నమ్మకండి. నడిచి వెళ్ళగలిగే పార్కో బీచో వెతుక్కోవడం నయం.

13. ఆఖరి రాత్రి, దిగే ఉదయం

ముందు బిల్లు. టిప్పులు మనిషికి రోజుకింత అని ఖాతాలో పడతాయి, పిల్లలకి కూడా. కొన్ని కంపెనీలు రెండేళ్ళలోపు వాళ్ళకి మినహాయిస్తాయి. పొరపాట్లుంటే రాత్రే కౌంటర్‌లో అడగండి, పొద్దున అక్కడ నిలబడే చోటుండదు.

ఆఖరి రాత్రి పెట్టెలు కారిడార్‌లో పెట్టేస్తే వాళ్ళే ఒడ్డుకి చేరుస్తారు. పెట్టే ముందు మర్నాడు వేసుకునే బట్టలు, బూట్లు, డైపర్లు తీసి మంచం మీద పరచండి. ప్రతి ఒక్కరి పేరుతో ఒక కుప్ప. మా రెండో ప్రయాణంలో మా ఆయన ప్యాంటు పెట్టెతో పాటు వెళ్ళిపోయింది. నైట్ ప్యాంటుతో, మొహం మీద ఏ భావమూ లేకుండా ఇమిగ్రేషన్ క్యూలో నిలబడ్డారు. మంచం కింద, తొట్టి మడతల్లో, దుప్పటి లోపల బొమ్మలు వెతకండి. స్టీవార్డ్ దుప్పటి మారుస్తుంటే తెల్ల కుందేలు అందులోనే పోవడం చూశాం.

పొద్దున ఎనిమిదింటికల్లా క్యాబిన్ ఖాళీ చేయమంటారు. మీ దిగే టైము అంతకన్నా ఆలస్యమైతే, పిల్లలకి పాలు తాగించి, డైపర్ మార్చి, కిటికీలున్న ఏదైనా నిశ్శబ్దపు డెక్‌లో కూర్చోండి. తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతదే తీసుకోండి.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించడం మామూలే. వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. మా చిన్నవాడు ఇంటికొచ్చిన రాత్రి స్నానాల గదిలో గోడ పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ‘అమ్మా, ఆపమను’ అన్నాడు.